మోటారుసైకిలు మీద దూరప్రయాణం: నడుము చెప్పే మాట

క్షేమంగా వెళ్ళి లాభంగా రమ్మని సాగనంపడం మనవారి ఆనవాయితీ. ఆ దీవెనలో క్షేమం వున్నది, లాభం వున్నది. సుఖం మాట లేదు. ప్రయాణమన్నాక కొంత కష్టం తప్పదనీ, సుఖం కోరడం సుకుమారుల లక్షణమనీ పెద్దల అభిప్రాయం కాబోలు. బస్సుకూ, రైలుకూ అది చెల్లితే చెల్లవచ్చును. ముందుకు వంగి నడపవలసిన స్పోర్ట్సు మోటారుసైకిలుకు మాత్రం చెల్లదు. దానిమీద సుఖం తప్పినచోటనే క్షేమమూ తప్పుతుంది. ఆ సంగతి చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

మేము హోసూరువారము. నలుగురం స్నేహితులం, నలుగురికీ నలభై దాటినవి. కాశ్మీరం నుండి కన్యాకుమారి దాకా సాగే 44వ నెంబరు జాతీయ రహదారి మా ఊరి మీదుగానే పోతుంది. బెంగుళూరు దాటి, చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, పెనుకొండ, అనంతపురం, గుత్తి, డోన్ దారిన కర్నూలు చేరితే సుమారు 400 కిలోమీటర్లు. పెళ్ళికో, పేరంటానికో, పెద్దవారిని చూచి రావడానికో యేడాదికి రెండుమూడుసార్లు ఆ దారిన పోతుంటాము. “బస్సు లేదా, రైలు లేదా, కప్పలాగా కూర్చునే ఈ బండి యేమిటి నాయనా?” అని కర్నూలు అత్తయ్యలు అడుగుతుంటారు. మా దగ్గర గట్టి జవాబు లేదు. ఇష్టం, అంతే. పైగా 2017 డిసెంబరులో వచ్చిన అపాచీ ఆర్ఆర్ 310 మా ఊరి కార్ఖానా బండి గదా, మన ఊరి బిడ్డ అన్న మమకారం కూడా కొంత.

ఈ రకం బండ్లు వేగం కోసం కట్టినవి. హ్యాండిలు క్రిందికీ, కాళ్ళు పెట్టుకునే ఫుట్‌రెస్టులు వెనక్కూ పైకీ వుంటాయి. నడిపేవాడు వంగి నమస్కారం చేయబోయి మధ్యలో ఆగిపోయినట్టు కనిపిస్తాడు. క్రొత్తవారు ఒంటి బరువంతా మణికట్ల మీద వేస్తారు. అరగంటకు మణికట్లు, గంటకు మెడ, రెండు గంటలకు నడుము వరుసగా మొరపెట్టుకుంటాయి. హ్యాండిలు బండిని త్రిప్పడానికేగాని, మనం ఆనుకోవడానికి కాదు. మన బరువు మోయవలసినవి తొడలూ, పొట్టకండరాలూ. మోకాళ్ళతో పెట్రోలు ట్యాంకును అదిమిపట్టి, పాదం ముందుభాగాన్ని ఫుట్‌రెస్టు మీద ఆనించి, తుంటి దగ్గర వంగవలెను. వీపును గూనిగా వంచరాదు. మోచేతులు కొంచెం మడిచి వదులుగా వుంచవలెను. సరిగా కూర్చున్నామా లేదా అనడానికి ఒక చిన్న పరీక్ష వున్నది: కోడి రెక్కలాడించినట్టు మోచేతులు ఆడించి చూడండి. తేలికగా ఆడితే సరే; ఆడకపోతే బరువు చేతుల మీద పడిందన్నమాట.

ఇందులో గాలి కూడా మనకు చుట్టమే. రహదారి మీద వేగం అందుకున్నాక ఎదురుగాలి రొమ్మును కొంత పైకెత్తి పట్టి చేతుల భారం తగ్గిస్తుంది. పట్నంలో ఆ సాయం వుండదు. అందుచేత బెంగుళూరు దాటే ఒక్క గంట తక్కిన దారంతటికంటె కష్టం. మేము తెల్లవారుజామున నాలుగింటికే బయలుదేరడానికి ఎండ ఒక్కటే కారణం కాదు.

సుఖమూ క్షేమమూ ఒకటేనని మాకు తెలియజెప్పినది ఒక గొర్రెలమంద. గుత్తి దాటాక మాలో ఒకాయన కుడిచేతి చిటికెనవ్రేలూ, ఉంగరపువ్రేలూ మొద్దుబారినవి. చేయి విదిలించుకుంటూ ఇంకో ఇరవై కిలోమీటర్లు నడిపాడు. డోన్ ఇంకా రాకముందే మంద రోడ్డెక్కింది. వ్రేళ్ళు బ్రేకు లీవరు మీద పడినవిగాని, ఎంత నొక్కుతున్నదీ ఆయనకు తెలియలేదు. చక్రం పట్టేయకుండా కాచే ఏబీఎస్ వుండబట్టి బండి పడకుండా నిలిచింది, ఆఖరి గొర్రెకు బారెడు దూరంలో. కాపరి మమ్మల్ని పల్లెత్తు మాట అనలేదు. తన సీసాలోని నీళ్ళు ఇచ్చి పోయాడు. ఆ చెట్టుక్రింద అరగంటసేపు మా నలుగురిలో ఎవరికీ మాట పెగలలేదు.

ఆ రెండు వ్రేళ్ళకు పోయే నరం అరచేతి మొదట్లో, చిటికెనవ్రేలి వైపుగా పోతుంది. గంటలకొద్దీ అక్కడ బరువు మోపితే అది నలిగి తిమ్మిరెక్కుతుంది. బండిని ఆపడంలో పెద్దపాలు ముందుబ్రేకుది. దానిని పట్టేది కుడిచేయి. ఆ చేతికి స్పర్శ తెలియకపోతే ఇంకేమున్నది? దీనికి మందు సులభం. వ్రేళ్ళు చాచి లీవరు మీద పెట్టినప్పుడు మోచేయి నుండి వ్రేలికొస దాకా ఒకే గీతగా వుండేట్టు లీవరును త్రిప్పి బిగించుకోవలెను. మెకానిక్కుకు అయిదు నిమిషాల పని. పిడిని పిచ్చుకపిల్లను పట్టినంత మెత్తగా పట్టవలెను. ఏ వ్రేలు మొద్దుబారినా అనువైన చోటు చూచి వెంటనే ఆగిపోవాలని ఆనాటినుండి మా నలుగురి కట్టుబాటు.

ఇక కూర్చునే చోటు. సీటు ఇరుకు, గట్టి. ఒకేచోట ఒత్తిడి పడి నెత్తురు ఆడదు. దానికి చెమటా, లోదుస్తుల కుట్లూ తోడైతే పుండు పడుతుంది. తడిసిన నూలుబట్ట ఇక్కడ శత్రువు. సైకిలు పందేలవారు తొడిగే, చెమట నిలువని లాగు మేలు. గాలిదిండు వేసుకుంటే సగమే ఊదవలెను. నిండా ఊదితే బంతిమీద కూర్చున్నట్టు వుంటుంది. సామాను వీపున మోయక వెనుకసీటుకు బిగించి కట్టండి. భుజాన వేసిన ప్రతి కిలో చివరకు మణికట్టుకే చేరుతుంది. వెనుకసీటు చిన్నది, ఎత్తు. ఇంట్లోవారిని ఊరిలో గుడిదాకా తీసుకుపోవచ్చునుగాని, కర్నూలుదాకా తీసుకుపోవడం ప్రేమ అనిపించుకోదు.

అన్నిటికంటె ముఖ్యం ఆగడం. జాతీయ రహదారి మీద మోటారుసైకిలుకు టోలు లేదు. కారువాడిని టోలుగేటు ఆపుతుంది. మనల్ని ఆపే నాథుడు లేడు. మనమే ఆగవలెను. నొప్పి పుట్టాక కాదు, పుట్టకముందే. మేము గంటకొకసారి ఆగి, హెల్మెట్టు తీసి, అయిదు నిమిషాలు అటూఇటూ నడిచి, గుక్కెడు మజ్జిగ త్రాగి మళ్ళీ ఎక్కుతాము. అమెరికాలో ఐరన్ బట్ అసోసియేషన్ అని దూరప్రయాణీకుల సంఘం వున్నది. 24 గంటలలో 1,000 మైళ్ళు, అనగా సుమారు 1,609 కిలోమీటర్లు నడిపినవారికి వారు యోగ్యతాపత్రం ఇస్తారు. లెక్కవేస్తే గంటకు సగటున 67 కిలోమీటర్లే! ఆ దూరం చేర్చేది దూకుడు కాదు, ఒంటిని కాపాడుకుంటూ నిలకడగా సాగడం. మేము ఆ పత్రానికి ఆశపడినవారము కాముగాని, ఆ లెక్క మాత్రం నేర్చుకున్నాము.

అలసటను దొంగతనంగా తెచ్చేవి మరి రెండున్నవి. ఒకటి చప్పుడు. వంద కిలోమీటర్ల వేగంలో హెల్మెట్టులోపల గాలిహోరు 100 డెసిబెల్సు ప్రాంతానికి పోగలదు. రోజుకు ఎనిమిది గంటలు వినేవారికి 85 దాటరాదని ఆరోగ్యనిపుణుల మాట. మెత్తని చెవిబిరడాలు పెట్టుకుంటే హోరు తగ్గుతుంది, లారీ హారను వినబడుతూనే వుంటుంది. రెండవది ఎండ. వేసవిలో అనంతపురం దగ్గర గాలి ఒంటి చర్మం కంటె వేడిగా వుంటుంది. అట్టి గాలి ఎంత తగిలితే ఒళ్ళు అంత ఎండుతుంది; చల్లబరిచేది చెమట ఒక్కటే. కనుక జాకెట్టు విప్పరాదు. లోపలి బనియను తడిపి తొడుక్కుని, కొంచెం కొంచెంగా నీళ్ళు త్రాగుతూ వుండవలెను. దారిలో బిర్యానీ మాని ఇడ్లీతో సరిపెట్టుకోండి. అయినా కునుకు వస్తే చెట్టు నీడను ఇరవై నిమిషాలు పడుకోవడమే; టీతో నిద్రను బుకాయించలేము.

ఇంత జాగ్రత్త యెందుకు, కుర్రతనాన అన్నీ ఓర్చుకోలేమా అని మా అబ్బాయిలు నవ్వుతారు. ఓర్చుకోవచ్చును. కాని నొప్పిని ఓర్చుకునే మనసు రోడ్డును చూడలేదు. మనిషికి వున్న ధ్యాస ఒక్కటే. దానిలో నడుము కొంత, మెడ కొంత, వ్రేళ్ళు కొంత పంచుకుంటే దారికి మిగిలేది యెంత? అదీగాక, మనం పోయేది దారి కోసమే కాదు. ఎనభై యేళ్ళ అత్తయ్య వాకిట కుర్చీ వేసుకుని మధ్యాహ్నందాకా ఎదురుచూచి, మనకోసం ఆకు వేసి వుంచుతుంది. అటువంటప్పుడు చాప మీద మోకాళ్ళు మడిచి ఆవిడ ఎదుట కూర్చుని, వడ్డించినదంతా తిని, ఊరి కబుర్లు చెప్పగలిగినంత శక్తి మిగుల్చుకుని చేరవలెను.