వైట్‌లో ఎంత?

హైదరాబాద్ కృష్ణానగర్‌లో గది అద్దె కట్టలేక బ్రోకర్నయ్యాను. 2009లో ఒక ప్రొడక్షన్ మేనేజర్ దగ్గర అసిస్టెంటుని. షూటింగ్‌కి పనికొచ్చే బంగళాలు వెతకడం నా పని. జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ నుంచి ఫిల్మ్‌నగర్ దాకా ఏ ఇంట్లో మెట్లు ఎటు తిరుగుతాయో, ఏ హాల్లో ట్రాలీ పడుతుందో కళ్లు మూసుకుని చెప్పేవాణ్ణి. సినిమా మధ్యలో ఆగింది, దాంతో నా రోజువారీ బేటా కూడా ఆగింది. అప్పుడే ఒక బంగళా పెద్దావిడ, "షూటింగులు చాలు బాబూ, గోడల నిండా మేకులే. పద్ధతైన ఫ్యామిలీ ఉంటే చూడు" అంది. చూశాను. ఓనర్ దగ్గర పదిహేను రోజుల అద్దె, దిగినవాళ్ల దగ్గర పదిహేను రోజుల అద్దె, మొత్తం 40,000. అంత డబ్బు ఒక్క మధ్యాహ్నంలో నా చేతికి రావడం అదే మొదటిసారి. నన్ను చెడగొట్టిందీ ఆ మధ్యాహ్నమే.

నెలనెలా అలాగే వస్తుందనుకున్నాను. మొదటి అమ్మకం కుదరడానికి పదకొండు నెలలు పట్టింది. ఫిల్మ్‌నగర్‌లో 70 లక్షల ఫ్లాటు. కొన్నవాళ్ల వైపు ఒక శాతం, అంటే 70,000. కానీ మా వైపు నలుగురం. ఆ పార్టీ మా వాడికి తెలిసినవాడు, మా వాడు నాకు తెలిసినవాడు, అలా గొలుసు. నాకు ముట్టింది 17,500. "డైరెక్ట్ పార్టీయేనా?" అని బ్రోకర్లు మొదటి మాటగా ఎందుకు అడుగుతారో ఆ రోజు తెలిసింది.

మా ఆదాయానికి క్యాలెండర్ పనికిరాదు, పంచాంగం కావాలి. ఆషాఢంలో ఇల్లు మారరు. మూఢంలో అడ్వాన్స్ ఇవ్వరు. పుష్యం శూన్యమాసం. సినిమావాళ్లకి వీటి మీద ఇంకో లెక్క, శుక్రవారం. సినిమా ఆడితే సాయంత్రానికే "అన్నా, ఆ రోడ్ నంబర్ 10 ఇల్లు ఉందా?" అని ఫోన్. ఆడకపోతే అదే మనిషి ఫోన్ ఎత్తడు. (వీధిపోటు ఉందని రెండు కోట్ల ఇల్లు వదిలేసిన ఒకాయన, తర్వాత దానికి రెండిళ్ల అవతల వీధిపోటు ఇల్లే కొన్నాడు. ఈసారి సిద్ధాంతి వేరట.)

2014లో కారు కొన్నాను. స్కూటర్ మీద వెళితే పెద్ద పార్టీలు గేటు దగ్గరే నిలబెట్టి మాట్లాడుతున్నాయని నాకు నేనే చెప్పుకున్నాను. ఈఎంఐ 13,400. 2016 నవంబర్ 8 రాత్రి పెద్ద నోట్ల రద్దు ప్రకటన వినేటప్పటికి, అగ్రిమెంట్ దాకా వచ్చిన బేరాలు మూడున్నాయి చేతిలో. మూడూ పోయాయి, మూడింట్లోనూ బ్లాక్ భాగం ఉంది మరి. స్థిరాస్తి బేరంలో 20,000, ఆ పైన నగదు తీసుకోకూడదని, తీసుకుంటే అంతే మొత్తం జరిమానా అని 2015 జూన్ నుంచే చట్టంలో ఉంది. చట్టంలో ఉన్నది మా వీధికి రావడానికి ఆ రాత్రి పట్టింది. ఫిబ్రవరిలో కారు అమ్మేసి మళ్లీ స్కూటరెక్కాను. గేటు దగ్గర నిలబెట్టేవాళ్లు అప్పుడూ నిలబెట్టారు.

అసలు దెబ్బ 2018లో తగిలింది. సొంతానికి ఒక ఫ్లాటు చూసుకుని లోన్ కోసం బ్యాంకుకి వెళ్లాను. మూడేళ్ల ఐటీఆర్‌లు తెమ్మన్నారు. నా కమీషన్లు దాదాపు అన్నీ నగదే, రిటర్నుల్లో చూపించింది ఏడాదికి 2,90,000. ఆఫీసరమ్మ కాగితాలు రెండుసార్లు తిప్పి, "మీరు నెలకి ఇరవై నాలుగు వేల మనిషి సార్" అంది. నా డైరీ తీశాను. ఎర్ర అట్ట, ఏ తేదీన ఎవరు ఎంత ఇచ్చారో నా చేతిరాతలో, ఏడాదికి తొమ్మిది లక్షల దాకా. ఆవిడ చదవలేదు. ఒక్క వేలితో అట్ట మూసి నా వైపు జరిపింది. పన్ను మిగిల్చానని ఏడేళ్లుగా సంబరపడ్డ డబ్బు ఖరీదు ఆ వేలు చెప్పింది.

ఆ ఏడే పదివేలు కట్టి రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ రెరాలో ఏజెంటుగా నమోదయ్యాను. కొత్త ప్రాజెక్టుల్లో ఫ్లాట్లు అమ్మించాలంటే అది తప్పనిసరి. బిల్డర్లు చెక్కు ఇచ్చేటప్పుడు ఐదు శాతం టీడీఎస్ కోసేవాళ్లు (2024 అక్టోబర్ నుంచి రెండు శాతమే). మొదట్లో కడుపు మండేది. తర్వాత చూస్తే బ్యాంకు నమ్మే సాక్ష్యం అదే. చిన్న వ్యాపారులకి లెక్కలు రాయకుండా అంచనా లాభం చూపించే 44ఏడీ సౌకర్యం కమీషన్ మీద బతికేవాళ్లకి లేదని కూడా అప్పుడే తెలిసింది. పెట్రోలు, ఫోన్ బిల్లులన్నీ దాచి సీఏకి ఇవ్వాల్సిందే. ఇక కమీషన్ నగదుగా వద్దన్నందుకు తర్వాతి మూడేళ్లలో నాలుగు బేరాలు పోయాయి. ఒక నిర్మాత అయితే ఇల్లంతా నాతో చూసి, ఓనర్ నంబర్ వాచ్‌మన్ దగ్గర తీసుకుని సీదా వెళ్లిపోయాడు.

వచ్చిన ప్రతి కమీషన్‌లో మూడో వంతు అదే రోజు ఎఫ్‌డీలో వేయడం కూడా అప్పుడే మొదలుపెట్టాను. సగం పన్నుకి, సగం ఎండాకాలానికి. 2020లో ఎండాకాలం వచ్చింది. కరోనా నుంచి తేరుకుంటున్నామనగా సెప్టెంబర్‌లో రాష్ట్రమంతా రిజిస్ట్రేషన్లు ఆగిపోయాయి, మళ్లీ మొదలైంది డిసెంబర్‌లో. అదే సెప్టెంబర్‌లో దుర్గం చెరువు తీగల వంతెన తెరిచారు. రోడ్ నంబర్ 45 వైపు ఒక ఓనర్ గజం ధర పెంచేశాడు, ఆ ధరకీ కొనేవాడు దొరికాడు, రాయించుకోవడానికి ఆఫీసే లేదు. మా కమీషన్ ముట్టేది రిజిస్ట్రేషన్ రోజే. తొమ్మిది నెలల ఖర్చు ఎఫ్‌డీలో ఉండబట్టి ఎవరి దగ్గరా చెయ్యి చాపలేదు.

2021 జులైలో నాకు లోన్ వచ్చింది. షేక్‌పేటలో 54 లక్షల ఫ్లాటు. "ఆషాఢంలో రిజిస్ట్రేషనేంటండీ, శ్రావణం రానివ్వండి" అంది మా ఆవిడ. పన్నెండేళ్లుగా ఆషాఢాన్ని తిట్టుకున్నవాణ్ణే, సరేనన్నాను. జులై 22 నుంచి ప్రభుత్వం రిజిస్ట్రేషన్ ఖర్చు 6 శాతం నుంచి 7.5 శాతానికి పెంచింది. మంచి రోజుకి అదనంగా పడింది 81,000.

శ్రావణంలో సంతకాలయ్యాక, నాకా ఫ్లాటు చూపించిన కుర్రాడు బయట చెట్టు కింద నిలబడ్డాడు. పనిలోకొచ్చి ఏడాది కూడా కాలేదు. ఒక శాతం బ్యాంకులో వేస్తాను, అకౌంట్ నంబర్ పంపు తమ్ముడూ అన్నాను.

"బ్యాంకెందుకన్నా," అన్నాడు అటూ ఇటూ చూసి, "క్యాష్ అయితే పదివేలు తగ్గిస్తా."