నాగార్జునకొండలో మేం చూసినవి, చూడనివి

మా హాస్టల్లో చాలామందికి సాగర్ అంటే డ్యామ్, గేట్లు ఎత్తినప్పుడు దూకే నీళ్ళు, అంతే. ఆ నీళ్ళ మధ్య ఒక కొండ, దాని మీద ఒక మ్యూజియం ఉన్నాయని సాంఘికశాస్త్రం పుస్తకంలో చదివాం. ఈ ఏడు సంక్రాంతి సెలవులకు ముందు మా వార్డెన్ సార్ మమ్మల్ని అక్కడికి తీసుకెళ్ళారు. వార్షికోత్సవ సంచికకు ఆ విశేషాలు రాయమంటే తొమ్మిది, పదో తరగతుల వాళ్ళం కలిసి కూర్చుని ఇది రాస్తున్నాం.

తెల్లవారకముందే లేచి, పులిహోర పొట్లాలు కట్టించుకుని, మాచర్లలో బస్సెక్కాం. విజయపురి సౌత్‌లో దిగి లాంచీ ఎక్కాం. సుమారు ముప్పావు గంట ప్రయాణం. ఎటు చూసినా నీళ్ళే. మేం కేకలు వేస్తుంటే సార్ నవ్వి, "ఒరేయ్, మీరిప్పుడు ఒక పట్నం మీదుగా పోతున్నారు, తెలుసా?" అన్నారు. అందరం ఒక్కసారిగా నీళ్ళలోకి తొంగి చూశాం. ఏమీ కనబడలేదు.

ఆ పట్నం పేరు విజయపురి. క్రీస్తు శకం 3, 4 శతాబ్దాల్లో ఇక్ష్వాకు రాజుల రాజధాని. తర్వాత మట్టిలో కలిసిపోయింది. 1926లో సూరపరాజు వెంకటరామయ్య అనే స్థానిక ఉపాధ్యాయుడు అక్కడొక పాత స్తంభాన్ని చూసి ప్రభుత్వానికి తెలియజేశారట. ఒక బడిపంతులు ఆగి చూడబట్టి ఈ సంగతి లోకానికి తెలిసిందంటే మాకు చాలా గర్వంగా అనిపించింది. 1955 డిసెంబరు 10న నెహ్రూ గారు డ్యామ్‌కు శంకుస్థాపన చేశారు. లోయ మునిగిపోతుందని 1954 నుంచి 1960 వరకు పురావస్తు శాఖ వాళ్ళు అంతా తవ్వి చూశారు. ముఖ్యమైన కట్టడాలను విడదీసి, కొన్నింటిని కొండ మీద, కొన్నింటిని అనుపులో మళ్ళీ నిలబెట్టారు. దొరికిన వస్తువులతో 1966లో ఈ మ్యూజియం వెలిసింది.

మ్యూజియం భవనం బౌద్ధ విహారం ఆకారంలో ఉంది. లోపల బుద్ధుడి విగ్రహాలు, జాతక కథలు చెక్కిన పాలరంగు సున్నపురాతి పలకలు చూశాం. అయితే మా వాళ్ళు ఎక్కువసేపు నిలబడింది చిన్న చిన్న వస్తువుల దగ్గరే. రాతి గొడ్డళ్ళు, కుండలు, పూసలు, చెవిపోగులు, సీసం నాణేలు. కుమ్మరి పని తెలిసిన ఇంటి నుంచి వచ్చిన మా మిత్రుడు ఒక కుండను చూసి, "దీని అంచు మా నాయన తిప్పినట్టే ఉంది" అన్నాడు. అందరం అద్దానికి ముఖాలు ఆనించి మళ్ళీ చూశాం.

సార్ చెప్పిన సంగతులు ఇంకా బాగున్నాయి. తవ్వకాల్లో ఒక కంసాలి ఇల్లు బయటపడింది. అందులో బంగారం కరిగించే మూసలు, గీటురాయి, నగల అచ్చులు దొరికాయి. అక్కడి శాసనాల్లో తమలపాకుల వాళ్ళ సంఘం, మిఠాయిలు చేసేవాళ్ళ సంఘం కూడా ఉన్నాయి. రోమ్ దేశపు బంగారు నాణేలు కూడా దొరికాయంటే, అంత దూరపు సరుకు, సొమ్ము మన కృష్ణ ఒడ్డుకు వచ్చేవన్నమాట. బోధిశ్రీ అనే ఉపాసిక చైత్యం కట్టించి శాసనం వేయించింది. ఒక స్తంభం మీద కోటు, లాగు తొడుక్కున్న శక సైనికుడి బొమ్మ ఉంది. వాడిని చూసి మా చిన్నవాళ్ళు పోలీసాయన అని నవ్వారు.

చివరి గదిలో మునిగిన లోయ నమూనా ఉంది. స్తూపాలు, విహారాలు ఎక్కడెక్కడ ఉండేవో అందులో చూపించారు. అందరం దాని చుట్టూ మూగాం. అప్పుడు మా తొమ్మిదో తరగతి మిత్రుడు, "సార్, మా నాయనమ్మ వాళ్ళ ఊరు ఇందులో ఎక్కడుంది?" అని అడిగాడు. వాళ్ళ నాయనమ్మది నీళ్ళలో మునిగిన ఊరు. మేం కూడా వెతికాం. ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు చూశాం. మాకు కనబడలేదు. సార్ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఆ ఊరు మీ నాయనమ్మ దగ్గరుంటుంది. పోయి అడగండి" అన్నారు.

సెలవుల్లో మేం నలుగురం ఆమె దగ్గరకు వెళ్ళాం. ఊరు ఖాళీ చేసినప్పుడు ఆమెకు పదేళ్ళట. బండిలో ముందు గింజల గంపలు, తర్వాత తిరగలి, ఆ పైన కోళ్ళ గంప పెట్టారట. రోలు బరువని వదిలేశారట. వాళ్ళమ్మ బండెక్కేముందు ఆ రోటిని కడిగి బోర్లించి వచ్చిందట. "మళ్ళీ వస్తామనుకుందేమో పిచ్చిది" అని ఆమె నవ్వింది, కళ్ళు మాత్రం తుడుచుకుంది. ఆ తిరగలి ఇప్పటికీ వాళ్ళ వసారాలో ఉంది. దాని మీద బియ్యం డబ్బా పెట్టుకున్నారు.

డ్యామ్ వద్దని మేం అనడం లేదు. కుడి కాలువ, ఎడమ కాలువ లక్షల ఎకరాలకు నీళ్ళిచ్చాయి. మా పళ్ళెంలో అన్నం కూడా ఆ నీళ్ళతో పండిందే కావచ్చు. కానీ పదిహేడు వందల ఏళ్ళ కిందటి కంసాలి ఏ మూసలో బంగారం కరిగించాడో మాకు తెలిసింది. మా మిత్రుడి ముత్తవ్వ ఏ రోట్లో పచ్చడి నూరిందో ఆమె కూతురు చెప్పకపోతే తెలిసేది కాదు. అలా చెప్పేవాళ్ళు ఏటేటా తగ్గిపోతున్నారు.

అందుకని మా హాస్టల్ ఆఫీసు గదిలో ఒక పెద్ద నోటుపుస్తకం పెట్టాం. అందులో మా ఇళ్ళలో పెద్దవాళ్ళను అడిగి రాస్తున్నాం. ఏం తినేవాళ్ళు, దేంతో కొలిచేవాళ్ళు, నీళ్ళు ఎక్కడ నుంచి తెచ్చుకునేవాళ్ళు, ఎవరి బావిలో తోడుకోనిచ్చేవాళ్ళు కాదు, కూలి ఎంత, గింజలా డబ్బులా. ఇప్పటికి 14 పేజీలు నిండాయి. మొదటి పేజీ నాయనమ్మ రోటిది.

ఇక్కడ చదివి వెళ్ళిన అన్నలకు ఒక మనవి. మీలో కొందరివి మునిగిన ఊళ్ళ కుటుంబాలని సార్ చెప్పారు. మీ ఇంట్లో పెద్దలు ఉంటే వాళ్ళను అడిగి నాలుగు మాటలు రాసి పంపండి. ఊరి పేరు, మీ వీధి, పొలం గుర్తులు, చెట్టు పేరు, ఏదైనా సరే. తమ్ముళ్ళు నాగార్జునకొండకు వెళ్ళేటట్లయితే శుక్రవారం వెళ్ళకండి, మ్యూజియానికి సెలవు. లాంచీలో కిటికీ పక్కన కూర్చోండి.