బంతి ఎవరి కోసం?

ఉమ్ సలాల్‌లో మా అబ్బాయి ఇంటి వెనక చిన్న పెరడు ఉంది. ఇక్కడ ఎండాకాలం 45 డిగ్రీలు దాటుతుంది. కూరగాయలు బతకవు. అందుకే సెప్టెంబరులో నారు పోసి, అక్టోబరులో నాటుతాను. ఏప్రిల్ దాకా కాపు ఉంటుంది. నేల ఇసుక కాబట్టి పశువుల ఎరువు, కొబ్బరి పొట్టు కలిపి మడి చేశాను.

నిరుడు టమాటా పక్కన బంతి నాటాను. బంతి వాసనకి పురుగులు పారిపోతాయని ఇంగ్లీషు పుస్తకంలో చదివాను. ఇంకో లాభం కూడా చూసుకున్నాను. పూజకి దండలు కట్టే సేవ నాది. గురువారం సాయంత్రం పూలన్నీ కోసేస్తే శుక్రవారానికి దండలు తయారు.

జనవరిలో ఒకరోజు నేను కడుతున్న దండలోంచి ఆకుపచ్చ పురుగు పాకుతూ బయటికి వచ్చింది. గట్టిగా అరిచాను. మర్నాడు చూస్తే టమాటా కాయలకి కన్నాలు! బంతే పురుగుని తెచ్చిందని కోపం వచ్చింది. మొక్కలన్నీ పీకేద్దామనుకున్నాను.

పీకే ముందు చిన్నాన్నకి ఫోన్ చేశాను. ఆయన నరసరావుపేట దగ్గర చాలా ఏళ్ళు మిరప పండించారు. నేను ఇంగ్లీషు మీడియంలో చదివాను. చిన్నాన్నతో "బాగున్నారా, భోజనం చేశారా" తప్ప ఎప్పుడూ మాట్లాడలేదు. ఆయన పని గురించి అడగడానికి నా దగ్గర మాటలు లేవు. ఈసారి కాగితం మీద రాసుకుని మరీ అడిగాను.

"చిన్నాన్నా, బంతి వేసినా టమాటాకి పురుగు పట్టింది."

"పూలు ఏం చేశావమ్మా?"

"కోశాను. దేవుడికి."

ఆయన చాలాసేపు నవ్వారు. "అన్నీ కోసేస్తే ఎట్టాగమ్మా? అది ఎర పంట. తల్లి పురుగు బంతి పువ్వు మీద గుడ్లు పెట్టాలి. పువ్వు లేకపోతే టమాటా మీదకి పోద్ది."

ఎర అంటే గాలానికి గుచ్చే వానపాము అని తెలుసు. పంటకి ఆ మాట వాడటం మొదటిసారి విన్నాను. తల్లి పురుగు అంటే రాత్రిపూట ఎగిరే రెక్కల పురుగు. దాని పిల్లలే కాయని తొలుస్తాయి. వాటిని ఆయన శనగపచ్చ పురుగు అన్నారు. అంటే నా బంతి ఆ పురుగుని తరమదు, పిలుస్తుంది! మిరప చేను చుట్టూ ఆముదం కూడా ఇలాగే వేస్తారట, పొగాకు లద్దెపురుగుకి ఎరగా.

తరవాత ఇంకొంచెం చదివాను. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ చెప్పిన పద్ధతి ఒకటి ఉంది. 16 వరసల టమాటాకి ఒక వరస పొడుగు రకం బంతి వెయ్యాలి. టమాటా నారు 25 రోజులదైతే, బంతి నారు 40 రోజులది ఉండాలి. అప్పుడే రెండూ ఒకేసారి పూతకి వస్తాయి. నేను రెండూ ఒకేరోజు విత్తాను. అది నా రెండో తప్పు.

ఈ ఏడాది బంతి రెండు వారాలు ముందు విత్తాను. టమాటా పక్కన ఆరు మొక్కలు. వాటి పూలు కొయ్యను. గోడ దగ్గర కుండీల్లో మూడు మొక్కలు. అవి దేవుడికి. రోజూ పొద్దున్నే టమాటా పక్క పూలు విప్పి చూసి, పురుగులు ఏరి సబ్బునీళ్ళలో వేస్తాను. ఈ పని నాకు ఇష్టం లేదు. కానీ ఏరకపోతే పురుగుల్ని పెంచినట్టే. ఇప్పటికీ కొన్ని కాయలకి కన్నాలు ఉంటాయి. బుట్టలో మంచివే ఎక్కువ.

మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఏ పని చేశారో, ఆ పని మాటలు అడగండి. నేను అరవై దాటాక అడిగాను. చిన్నాన్నకి ఇప్పుడు వినికిడి తగ్గింది. ప్రతి మాటా రెండుసార్లు గట్టిగా చెప్పాలి. పోయిన వారం ఆయనే ఫోన్ చేసి, "నీ ఎర పంట ఎట్టా ఉందమ్మా?" అని అడిగారు.

కాగితం చూడకుండా జవాబు చెప్పాను.