పరీక్షాభయమా, రక్తహీనతా?

"డాక్టరుగారూ! నా వయస్సు 44. పిల్లలు పెద్దవాళ్లయ్యారు గనుక మళ్లీ పుస్తకం పట్టుకుని ఒక పరీక్షకు చదువుతున్నాను. చదివింది చదివినట్లే మరచిపోతున్నాను. పుస్తకం తెరిస్తే గుండెదడ, తలనొప్పి. జ్ఞాపకశక్తికి ఏదైనా మంచి టానిక్కు వ్రాయగలరు." ఇటువంటి ఉత్తరాలు నాకు తరచు వస్తుంటాయి. వ్రాసేవారు ఎక్కువగా స్త్రీలే.

టానిక్కు పేరు వ్రాయడానికి అర నిమిషం చాలు. అయినా వ్రాయను. ఎందుకు వ్రాయనో తెలియాలంటే మా ఇంట్లో జరిగిన సంగతి ఒకటి చెప్పాలి. అందులో తప్పు నాదే గనుక చెప్పడానికి కొంచెం మొహమాటంగానే ఉంది.

మా చెల్లెలు అమెరికాలో టెక్సాస్ రాష్ట్రంలో, డల్లాసు నగరానికి దగ్గర్లో ఉంటుంది. వెళ్లి ఇరవై ఏళ్లు దాటింది. 2023 మొదట్లో మా బావగారి ఉద్యోగం పోయింది. ఉద్యోగంతోపాటు కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమా కూడా పోయింది. ఇంటి అప్పు అలాగే ఉంది, పిల్లవాడి కాలేజీ ఫీజు అలాగే ఉంది. అప్పటికి ఆమెకు 47 ఏళ్లు. ఎన్నడూ బయట ఉద్యోగం చేసింది కాదు. అయితే ఆ చుట్టుపక్కల తెలుగువాళ్లలో ఎవరింటికి తూర్పు వాకిలి ఉందో, ఎవరింటికి ఈశాన్యం తెగిందో ఆమెకు కంఠోపాఠం. "అన్నయ్యా! ఇళ్లు అమ్మిపెట్టే లైసెన్సు తీసుకుంటాను" అంది. భేషుగ్గా ఉందన్నాను.

మనకు ఇళ్ల బ్రోకరు అనగానే టీకొట్టు బెంచీ మీద కూర్చుని జేబులోంచి కాగితాలు తీసే పెద్దమనిషి గుర్తుకొస్తాడు. మన దేశంలోనూ 2016 నాటి చట్టం వచ్చాక ఏజెంట్లు రిజిస్టరు చేయించుకోవలసి వచ్చింది. మహారాష్ట్రలో 2023 నుంచి శిక్షణ, పరీక్ష కూడా పెట్టారు. టెక్సాసులో మాత్రం ఆ తతంగం చాలా పెద్దది. ముప్పై గంటల చొప్పున ఆరు పాఠ్యాంశాలు, వెరసి 180 గంటల చదువు. ఏజెన్సీ చట్టం, కాంట్రాక్టుల చట్టం, ఇళ్ల అప్పుల లెక్కలు వగైరా. ఆ తరువాత కంప్యూటరు ముందు కూర్చుని నాలుగు గంటల్లో 125 ప్రశ్నలకు జవాబులివ్వాలి. అందులో 85 దేశమంతటికీ సంబంధించినవి, 40 ఆ రాష్ట్రానివి. రెండు భాగాలూ విడివిడిగా నెగ్గాలి. మూడుసార్లు తప్పితే మళ్లీ అదనంగా క్లాసులు, మళ్లీ ఫీజు.

మా చెల్లెలు మొదటిసారి రెండు భాగాలూ తప్పింది. రెండోసారి రాష్ట్రం భాగం నెగ్గి, పెద్ద భాగం తప్పింది.

ఈలోగా నాకు ఫోనులో ఆమె చెప్పిన బాధలు వరుసగా వ్రాస్తాను. మీరే డాక్టరు స్థానంలో ఉండి వినండి. "పేజీ చదివి తిప్పేసరికి ఏం చదివానో గుర్తుండడంలేదు. మేడ మెట్లెక్కితే ఆయాసం, గుండె దడదడలాడుతుంది. మధ్యాహ్నానికి తల దిమ్మెక్కి పడుకోవాలనిపిస్తుంది. రాత్రి కాళ్లు ఊరికే కదపాలనిపించి నిద్ర పట్టదు. జుట్టు రాలిపోతోంది." నేనేమన్నానో తెలుసా? "పరీక్షాభయం అమ్మలూ! ఈ వయసులో చదువంటే అలాగే ఉంటుంది. ప్రాణాయామం చెయ్యి" అన్నాను. ముప్పై ఏళ్ల సర్వీసు ఉన్న వైద్యుడిని, ముక్కూ మొహమూ తెలియని రోగి ఇవే మాటలు చెబితే కాగితం మీద వెంటనే రక్తపరీక్ష వ్రాసి ఉండేవాణ్ణి.

మరొకటి కూడా ఉంది. ఇక్కడ రాత్రి తొమ్మిదింటికి నేను భోంచేసి కూర్చుంటే అక్కడ ఉదయం పదిన్నర. వీడియోలో ఆమె చేతిలో ఎప్పుడూ ఒక పెద్ద గ్లాసు, దాని నిండా ఐసు ముక్కలు. వాటిని పటపటా కొరికి నమిలేది. "పళ్లు ఊడతాయే" అని ఎగతాళి చేశాను. ఒక నెల కాదు, ఆరు నెలలు చూశాను ఆ గ్లాసును.

ఆ ఏడాది సెప్టెంబరులో ఒకరోజు మా ఆసుపత్రి ఓపీకి ఒక కూలి స్త్రీ వచ్చింది. కొంగున మూటగట్టి బియ్యం తెచ్చుకుని, వరుసలో కూర్చుని పచ్చిబియ్యం నములుతోంది. మన పల్లెల్లో ఇది కొత్త కాదు. బియ్యం, సుద్ద, మట్టి, బలపం తినాలనిపించడం రక్తంలో ఇనుము తగ్గినవాళ్లలో కనిపించే లక్షణం. కింది కనురెప్ప లాగి చూస్తే కాగితంలా తెల్లగా ఉంది. పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ ఆరు గ్రాములు. పక్కనున్న హౌస్ సర్జన్లకు పాఠం చెబుతూ, "కొందరు ఐసుగడ్డలు కూడా నములుతారు, అదీ ఇదే జాతి" అన్నాను. అన్న మాట నోట్లోనే ఉండిపోయింది.

ఆ రాత్రి ఫోను చేశాను. అడగవలసిన ప్రశ్న ఒకటే, నెలసరి ఎలా ఉంటోంది అని. వేల మంది స్త్రీలను అడిగిన ప్రశ్న అది. చెల్లెల్ని అడగడానికి మాత్రం నాకు నోరు రాలేదు. అవతల ఆమెకూ అన్నయ్యకు చెప్పుకునే విషయం కాదు. ఆరు నెలలపాటు మా ఇద్దరి మధ్యా అడ్డున్నది ఈ మొహమాటమే. చివరికి ఫోను మా ఆవిడ చేతికిచ్చి పక్కగదిలోకి వెళ్లాను. పదినిమిషాల్లో సంగతి బయటపడింది. ఏడాదిన్నరగా నెలకు తొమ్మిది పది రోజులు రక్తస్రావం, గడ్డలు పడడం, మొదటి మూడు రోజులు గంటన్నరకోసారి బట్ట మార్చుకోవలసి రావడం. "ఈ వయసులో అందరికీ ఇంతేగా వదినా! బీమా కూడా లేకపోయె, డాక్టరు దగ్గరికెళితే ఎంతవుతుందో అని ఊరుకున్నాను" అందట.

మర్నాడే వెళ్లమన్నాం. అప్పటికి వేరే బీమా ఒకటి తీసుకుని ఉన్నారు, మన అదృష్టం. హిమోగ్లోబిన్ 7.8 గ్రాములు. ఆడవారికి 12 ఉండాలి. స్కానింగులో గర్భసంచిలో ఫైబ్రాయిడ్, అంటే కాన్సరు కాని ఒక గడ్డ కనిపించింది. రక్తస్రావం తగ్గడానికి ఒక మందు, ఇనుము మాత్రలు వ్రాశారు.

ఇక్కడ కొంచెం ఆగి మీకు అసలు విషయం చెప్పాలి. మనం పీల్చే ప్రాణవాయువును మెదడుకూ కండరాలకూ మోసుకుపోయేది హిమోగ్లోబిన్. అది తయారు కావడానికి ఇనుము కావాలి. సరుకు తగ్గితే గుండె రెట్టింపు ఆదరాబాదరాగా కొట్టుకుని లోటు పూడ్చాలని చూస్తుంది. అదే దడ, అదే ఆయాసం. మెదడు పనికి సైతం ఇనుము అవసరం గనుక శ్రద్ధ నిలవదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నట్లు తేలింది. అంటే చదివింది మరచిపోతున్నానని నాకు ఉత్తరం వ్రాసే సోదరీమణులలో సగం మందికి కావలసింది జ్ఞాపకశక్తి టానిక్కు కాకపోవచ్చు.

ఇనుము మాత్ర వేసుకోవడంలోనూ ఒక పద్ధతి ఉంది. కడుపు ఖాళీగా ఉన్నప్పుడు, నిమ్మరసంతో గాని బత్తాయి రసంతో గాని వేసుకుంటే బాగా ఒంటబడుతుంది. కాఫీ, టీ, పాలు దానికి శత్రువులు. కనీసం గంట ఎడం ఉండాలి. మా చెల్లెలు నిద్ర ఆపుకోవడానికి రోజుకు ఆరు కప్పుల కాఫీ తాగేది, అదీ భోజనం అయిన వెంటనే! ఉన్న ఇనుమును కాఫీ ఒంటబట్టనీయదు, నిద్రను రానీయదు. సాయంత్రం ఆరింటికి తాగిన కాఫీలో సగం మందు రాత్రి పదకొండింటికి ఇంకా ఒంట్లోనే తిరుగుతుంటుంది. మాత్రలు వేసుకుంటే విరేచనం నల్లగా అవుతుంది, భయపడకండి. మలబద్ధకం, వికారం ఉంటే మానేయకుండా డాక్టరుతో చెప్పండి. రోజు విడిచి రోజు వేసుకున్నా చాలామందికి పనిచేస్తుంది. హిమోగ్లోబిన్ మామూలు స్థాయికి వచ్చాక కూడా ఇంకో మూడు నెలలు వాడాలి, లేకపోతే నిల్వలు నిండవు. అన్నిటికీ ముందు, రక్తం ఎక్కడ పోతోందో కనిపెట్టాలి. ముట్లు ఆగిన స్త్రీకి, లేదా మగవాడికి ఇనుము తగ్గితే పేగుల్లో రక్తం కారుతోందేమో, అక్కడ పుండు గాని కాన్సరు గాని ఉందేమో తప్పనిసరిగా చూపించుకోవాలి. మాత్రలు మింగి ఊరుకోకూడదు.

రెండు వారాల్లో ఐసు గ్లాసు మాయమైంది. అంత త్వరగా ఎందుకు పోతుందో చూసినప్పుడల్లా నాకు వింతగానే ఉంటుంది. పది వారాలకు హిమోగ్లోబిన్ 11 దాటింది. అప్పుడు మళ్లీ పుస్తకం తీసింది.

ఈసారి చదివిన తీరు కూడా మార్చాం. ఆమె అంతకుముందు పుస్తకాన్ని రంగు పెన్సిలుతో గీతలు గీస్తూ నాలుగుసార్లు చదివేది. చదివిందే మళ్లీ చదివితే వచ్చేసిందన్న భ్రమ కలుగుతుంది. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు విద్యార్థుల మీద పరిశోధన చేసి చూశారు. అయిదు నిమిషాల తరువాత అడిగితే మళ్లీ మళ్లీ చదివినవాళ్లే బాగా చెప్పారు. వారం తరువాత అడిగితే, పుస్తకం మూసి గుర్తుచేసుకుంటూ తమను తాము పరీక్షించుకున్నవాళ్లు ముందుకొచ్చారు. కనుక పేజీ చదివి, మూసి, తెల్లకాగితం మీద వ్రాయమన్నాను. మర్నాడు ఒకసారి, నాలుగోనాడు ఒకసారి, వారానికి ఒకసారి అదే అడగడం. అడిగేవాడు కొడుకు, తప్పు చెబితే వాడికి మహా సంబరం.

ఇంకో చిట్కా ఆమెకు తనంతట తానే తట్టింది. ఎకరానికి 43,560 చదరపు అడుగులు అన్న సంఖ్య ఆమెకు నోటికి వచ్చేది కాదు. "ఎకరానికి 4,840 గజాలు కదే, నాన్న చెప్పలేదూ? తొమ్మిదితో హెచ్చవేయి" అన్నాను. అంతే! పావు ఎకరం అంటే 25 సెంట్లు, 1,210 గజాలు, 10,890 చదరపు అడుగులు. వాళ్లు ముందుగా కట్టే సొమ్ము మన బయానాయే. పక్కవాడి నేలలోంచి నడిచే దారి హక్కును వాళ్లు ఈజ్‌మెంటు అంటారు. మన దగ్గరా 1882 నుంచి ఆ పేరుతో చట్టం ఉంది. చేలోకి బండి దారి కోసం మా నాన్నగారు ఏళ్ల తరబడి కోర్టు చుట్టూ తిరిగింది ఆ హక్కు కోసమే. ఇరవై ఏళ్లు అడ్డులేకుండా నడిచిన దారి అని రుజువు చేయడానికి ఆయన పడ్డ పాట్లు ఆమె చిన్నప్పుడు కళ్లారా చూసింది. కొత్త సంగతిని పాత సంగతి గుంజకు కట్టేస్తే అది పారిపోదు. నడివయసువారికి కుర్రవాళ్లకంటే ఇందులోనే సౌలభ్యం ఎక్కువ, గుంజలు బోలెడుంటాయి.

రాత్రి పదిన్నరకు పడక. చదివింది మెదడులో స్థిరపడేది నిద్రలోనే గనుక ఏడు గంటలు తగ్గకూడదని ఆజ్ఞాపించాను. నలభై దాటింది గనుక కళ్లు కూడా చూపించుకుంది. దగ్గరచూపుకు అద్దాలు పడ్డాయి, తలనొప్పుల్లో సగం వాటితోనే పోయాయి. పరీక్షకు ముందు గుండెదడ తగ్గడానికి ఒక స్నేహితురాలు తన బీపీ మాత్ర ఇవ్వబోతే వద్దన్నాను. ఉబ్బసం ఉన్నవారికి ఆ జాతి మాత్ర ప్రాణం మీదికి తెస్తుంది. మాత్రలు చీరల్లా ఇచ్చిపుచ్చుకునేవి కావు సుమండీ.

2024 ఫిబ్రవరిలో మూడోసారి వెళ్లింది. మాకు అర్ధరాత్రి దాటింది. మా ఆవిడ ఫోను దగ్గరే కూర్చుంది, నేను నిద్రపోయినట్లు నటించాను. "వదినా! అయింది" అన్న కేక పక్కగదికి కూడా వినబడింది. ఆమె అమ్మిన మొదటి ఇల్లు తూర్పు వాకిలిదే. ఫైబ్రాయిడ్‌కు ఆపరేషను కావాలా వద్దా అన్నది ఇంకా తేలలేదు. ఆర్నెల్లకోసారి స్కానింగు తీస్తున్నారు. వివరాలు వదినకే చెబుతుంది.

ఉత్తరం వ్రాసిన సోదరికి: మీ ఊళ్లోని ప్రభుత్వాసుపత్రికి వెళ్లి హిమోగ్లోబిన్, థైరాయిడ్, చక్కెర పరీక్షలు చేయించుకోండి. రక్తపోటు చూపించుకోండి. నెలసరి సంగతి డాక్టరు అడగకపోయినా మీరే చెప్పండి. మగ డాక్టరుతో చెప్పడానికి బిడియంగా ఉంటే లేడీ డాక్టరు ఏ రోజు ఉంటారో కనుక్కుని వెళ్లండి. ఫలితాలతో మళ్లీ నాకు వ్రాయండి. టానిక్కు సంగతి అప్పుడు చూద్దాం.