భువనగిరి బండ

భువనగిరికోట నెక్కువారు చాళుక్య త్రిభువనమల్ల విక్రమాదిత్యుని పేర వెలసిన త్రిభువనగిరి యిదియేకదాయని తలచి మురిసెదరు. మేమును అట్లే యెక్కితిమి. ఐదువందల అడుగులకు మించిన యేకశిల, గజపృష్ఠమువలె నున్ననిది. మెట్లు విడిచినచో చేతికి పట్టు దొరకదు.

ఈ బండపైననే త్రాళ్లు కట్టుకొని ప్రాకుట నేర్చిన బాలిక మాలావత్ పూర్ణ, 2014 మే 25వ తేదీన ఎవరెస్టు శిఖరముపై నిలిచినది. నిజామాబాదు జిల్లా పాకాల గ్రామమున వ్యవసాయకూలీల బిడ్డ. తాడ్వాయి సాంఘికసంక్షేమ గురుకులమున చదివినది. అప్పటికి పదునాలుగేండ్లు నిండలేదు. తోడ నెక్కిన ఆనందకుమారుడు ఖమ్మము జిల్లావాడు. వీరిది టిబెట్టువైపు దారి. అంతకుముందే, ఏప్రిల్ 18వ తేదీన, నేపాళమువైపున మంచుచరియ విరిగిపడి 16 మంది మరణించిరి. ఇట్టివి వినుచు ఆ తల్లి రాత్రులెట్లు గడపెనో! మనమన్ననో, పెరటి జామచెట్టెక్కిన పిల్లనే దిగుమని కేకలు వేయుదుము.

మాతో వచ్చిన పిల్లలలో పాలమూరు బాలిక యొకతె కలదు. తలిదండ్రులు ఏటేట పుణెకు పనులకు పోవుదురు; నాయనమ్మకడ పెరుగుచున్నది. పదవ తరగతి కాగానే పెండ్లియని ఇంట నిశ్చయించిరట. దిగునప్పుడు మా కొంగు పట్టుకొని, “జెర మా నాయనమ్మకు మీరే చెప్పుండ్రమ్మా” అనెను. వచ్చు ఆదివారము ఆ యూరు వెళ్లనున్నాము.