నిలవ ఉండరాని మాట

మాది నెల్లూరు జిల్లా పడమటి మెట్ట, కొండాపురం. అక్కడ నిల్వ అంటే ధీమా. వాన కురిస్తే చెరువు నిండాలి, కోతలయ్యాక గాదె నిండాలి, వేసవిలో ఊరగాయ జాడీలు నిండాలి. మోడెములు తయారుచేసినవారు కూడా ఇలాగే ఆలోచించి ఉంటారు.

నాన్నగారికి కంటి శస్త్రచికిత్స జరిగిన వారమంతా రాత్రిపూట ఇంటికి వీడియోలో మాట్లాడేవాణ్ణి. "డాక్టరుగారు ఏమన్నారమ్మా?" అని అడిగితే రెండు సెకన్లు నిశ్శబ్దం. ఆ కాస్త వ్యవధిలో మనసు పోని చోటు లేదు. "బాగుందన్నార్రా" అన్న జవాబు వచ్చేసరికి నేను కంగారుగా మరో ప్రశ్న వేసేవాణ్ణి. పక్కగదిలో మేనల్లుడు పెళ్ళి ఫోటోలు జాలంలోకి ఎక్కిస్తున్నాడు.

లెక్క చూడండి. పైకి పోయే దారి సెకనుకు 1 మెగాబిట్, మోడెములో నిల్వచోటు 256 కిలోబైట్లు అనుకుందాం. అది ఫోటోలతో నిండితే, వెనక వచ్చిన అమ్మ మాట రెండు సెకన్లు వరసలో నిలబడాలి. ఫోటోలకు మొత్తం ఎంత సరుకు చేరిందన్నదే ముఖ్యం. మాటకు కావలసిన దారి సన్ననిదే, కానీ అది ఆలస్యాన్ని ఓర్వదు. ఒకవైపు ప్రయాణం 150 మిల్లీసెకన్లలోపు ఉంటే సంభాషణకు ఇబ్బంది ఉండదని అంతర్జాతీయ టెలికాం సమాఖ్య చెబుతుంది.

ఈ తేడా పెద్దలకు ముందే తెలుసు. ఆలస్యం తగ్గాలా, సరుకు ఎక్కువ పోవాలా అన్నది ప్రతి ప్యాకెట్టు మీదా గుర్తుపెట్టే వీలు 1981 నాటి ఐపీ ప్రమాణంలోనే ఉంది. ఒకటి మెరుగైతే మరొకటి తగ్గవచ్చనీ అందులోనే రాశారు. ఆ గుర్తులను దారిలో పట్టించుకున్నవారు తక్కువ. ఈలోగా మెమరీ చవకై నిల్వలు పెరిగాయి. 2010లో జిమ్ గెట్టిస్ ఈ జబ్బును "బఫర్‌బ్లోట్" అన్న పేరుతో వెలుగులోకి తెచ్చారు. 2012లో కేథలీన్ నికోల్స్, వాన్ జాకబ్సన్ "కోడెల్" పద్ధతిని ప్రకటించారు. అది వరస పొడవును కాక, ప్యాకెట్టు ఎంతసేపు నిలబడిందో చూస్తుంది. నిరీక్షణ తగ్గకపోతే కొన్నిటిని పారవేస్తుంది. పంపేవైపు దాన్ని గ్రహించి నెమ్మదిస్తుంది. 2018లో ఆర్‌ఎఫ్‌సీ 8290గా వెలువడిన ఎఫ్‌క్యూ-కోడెల్ దీనికితోడు ప్రవాహాలను వేర్వేరు వరసల్లో నిలుపుతుంది.

సెలవుకు ఊరెళ్ళినప్పుడు రౌటరులో ఆ పద్ధతి పెట్టి, పైకి పోయే వేగాన్ని పదోవంతు తగ్గించాను. వరస ఇక మోడెములో కాక రౌటరులోనే ఏర్పడుతుంది. ఫోటోలు కాస్త నిదానంగా ఎక్కుతున్నాయి. మేనల్లుడు గమనించనైనా లేదు. నాన్నగారి సంగతి అడిగితే మాత్రం జవాబు నా భయంకంటే ముందే వస్తోంది.

ప్రకటనల్లోని వేగం దారి వెడల్పును చెబుతుందే గాని ఎదురుచూపును చెప్పదు. ఏదైనా పెద్ద ఫైలు ఎక్కిస్తూ పింగ్ చేసి చూడండి. అంకె ఒక్కసారిగా వందల్లోకి ఎగబాకితే, ఇంకా వేగమైన కనెక్షను కొనేముందు ఆ నిల్వ సంగతి చూడండి.