బిగింపు, సడలింపు

పాత కారున్న యింట్లో అందరి చెవులూ చురుగ్గా వుంటాయి. వంటింట్లో తిరగమోత చిటపటలు వినే యిల్లాలు ఆవాలు వేగాయో మాడాయో యెలా చెబుతుందో, బండి వీధి మలుపు తిరుగుతుండగానే అందులో యేది అదురుతున్నదో మా అమ్మాయి అలా చెప్పగలదు. మా అంబాసిడరు 1978 నాటిది. మా నాయనగారు కొన్నారు. బెంగాలులోని ఉత్తరపాడలో ఆ కార్ల తయారీ 2014లో ఆగిపోయింది. అయినా యాభై యేళ్ళకు పైగా తయారైన బండి గనుక, ఓపికగా వెతికితే విజయవాడ ఆటోనగరులో దానికి కావలసిన సామాను యింకా దొరుకుతూనే వుంది.

యిటువంటి బండికి పెద్ద జబ్బులు తరచుగా రావు. వచ్చేవన్నీ చిన్నవే. బిగించిన మర సడలుతుంది, సడలినది రాలుతుంది. రాలినది యెంత చిన్నదో, దాని కోసం ఆగిన ప్రయాణం అంత పెద్దదై కూర్చుంటుంది.

నిరుడు మా అన్నయ్య కూతురి పెళ్ళిచూపులకని యేలూరు బయలుదేరాము. వెనుక సీటులో మా అమ్మ, మా ఆవిడ, వాళ్ళ మధ్య అరిసెల డబ్బా. హనుమాన్ జంక్షను దాటీ దాటకముందే డైనమో యెర్రదీపం వెలిగింది. చూస్తుండగానే వేడిముల్లు పైకి లేచింది. ఆపి బానెటు యెత్తి చూద్దును గదా, డైనమోని సర్దే బోల్టు లేదు! అది లేకపోయేసరికి డైనమో వాలిపోయింది. బెల్టు వదులైంది. ఫానుకూ, నీళ్ళ పంపుకూ కూడా ఆ బెల్టే ఆధారం. మరి యింజను వేడెక్కక యేం చేస్తుంది? ట్రాక్టర్లు బాగుచేసే దుకాణంలో సరిపడే బోల్టు అడిగి తెచ్చి, బెల్టు బిగించి, యింజను చల్లారాక కదిలాము. మేము వెళ్ళేసరికి మగపెళ్ళివారు రెండోసారి కాఫీ తాగుతున్నారు. పెద్దది లేనిదే పిల్లను కూర్చోబెట్టనని మా అన్నయ్య భీష్మించాడట.

ఆ రాత్రి హైదరాబాదు నుంచి మా అబ్బాయి ఫోను చేసి, "నాన్నా, నానమ్మను యెక్కించుకుని ఆ బండిలో తిరగటమేమిటి? అమ్మేయండి" అన్నాడు. వాడి మాటలో కోపం లేదు, భయముంది. కోపానికైతే జవాబు చెప్పవచ్చు. భయానికి జవాబు చెప్పాలంటే బండే చెప్పాలి.

బిగించిన బోల్టు యెందుకు సడలుతుంది? బిగించేటప్పుడు బోల్టు వెంట్రుకవాసి సాగుతుంది. సాగిన స్ప్రింగులాగా అది రెండు ముక్కలనూ అదిమి పట్టుకుంటుంది. ఆ పట్టే బిగింపు. ఆ ముక్కలు పక్కకు, అడ్డంగా ఒరుసుకుంటూ అదురుతుంటే, మరచుట్ల మధ్య రాపిడి పట్టు తప్పి నట్టు తనంతట తానే వెనక్కు తిరుగుతుంది. గెర్హార్డ్ యుంకర్ అనే జర్మను యింజనీరు 1969లో దీన్ని పరీక్షలతో రుజువు చేశాడు. మనం నమ్ముకున్న స్ప్రింగు వాషరు ఆ అడ్డం అదురు ముందు పెద్దగా నిలవదు.

దీనికి మందు అంతకుముందే పుట్టింది. అమెరికాలో హార్ట్‌ఫర్డ్ నగరపు ట్రినిటీ కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పిన వెర్నన్ క్రీబుల్ 1953లో ఒక చిత్రమైన ద్రవం తయారుచేశాడు. గాలి తగిలినంతసేపూ అది నీళ్ళలా వుంటుంది. గాలి చొరని మరచుట్ల సందులో లోహం తగిలితే గట్టిపడుతుంది. అందుకే దాని సీసాను నిండా నింపరు. లోపల గాలి వుండాలి. "లాక్‌టైట్" అని దానికి పేరు పెట్టింది ఆయన కోడలట. మామగారి విద్యకు కోడలు పేరు పెట్టటం ముచ్చటగా లేదూ!

యేలూరు సంగతి విని మా బావమరిది ఆ మందు సీసా పట్టుకుని వచ్చాడు. అదీ యెర్రది. నేను వూళ్ళో లేని సమయం చూసి ఆ డైనమో బోల్టుకు ధారాళంగా పోసి బిగించాడు. "బావగారూ, యిక యీ జన్మకు వూడదు" అని నాకు శుభవార్త కూడా చెప్పాడు. అన్నమాట నిజమే అయింది. రెండు నెలలకు బెల్టు సాగింది. డైనమోని కాస్త జరిపి బెల్టు బిగించాలంటే ఆ బోల్టు సడలాలి. అది సడలదు!

ఆటోనగరు మేస్త్రీ చూసి నవ్వాడు. బెల్టు కోసి తీసి, గ్యాసు మంటతో బోల్టును బాగా వేడిచేశాడు. రెండువందల యాభై డిగ్రీలు దాటితేగాని యెర్రది మెత్తబడదు. వేడిమీదనే స్పానరు వేసి తిప్పాడు. "అయ్యగారూ, విప్పవలసిన దానికి నీలం, విప్పనవసరం లేనిదానికే యెర్ర" అన్నాడు. నీలం మందు వేసిన బోల్టు మామూలు స్పానరుకే వస్తుంది.

అదే సీసాలోంచి మా బావమరిది తన కళ్ళద్దాల స్క్రూకు కూడా ఒక చుక్క వేసుకున్నాడు. వారంలో ప్లాస్టికు ఫ్రేము బీటలు వారింది. ఆ ద్రవం కొన్ని రకాల ప్లాస్టికును తినేస్తుంది. మా ఆవిడ తమ్ముణ్ణి యేమీ అనలేదుగాని, కుట్టుమిషను మాత్రం అలమారులో పెట్టి తాళం వేసింది.

అప్పటినుంచి మా షెడ్డులో ఒక పద్ధతి యేర్పడింది. మందు వేసేముందు బోల్టునూ, రంధ్రాన్నీ జిడ్డు లేకుండా తుడిచి ఆరబెట్టాలి. నూనె మీద ఆ పట్టు నిలవదు. తరువాత ఒకటి రెండు చుక్కలు చాలు. మామూలు యినుముకు త్వరగా పడుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలుకు ఆలస్యమవుతుంది. పూర్తి బలం రావాలంటే 24 గంటలు ఆగాలి. చక్రాల నట్లకూ, స్పార్కు ప్లగ్గులకూ అసలు వేయరాదు. స్టీరింగు కీళ్ళలో కాటరు పిన్ను వుండవలసిన చోట కాటరు పిన్నే వుండాలి, అదీ కొత్తది. దానికి బదులు యే మందూ పనికిరాదు. బ్రేకులూ స్టీరింగూ మేస్త్రీ చేతివే. నా స్పానరు అటు పోదు.

యివన్నీ ఒక నోటుబుక్కులో రాశాను. యే బోల్టుకు యే రంగు, యే తేదీ, మళ్ళీ యెప్పుడు చూడాలి అని. పదిహేనేళ్ళు దాటిన కార్లకు అయిదేళ్ళకోసారి రిజిస్ట్రేషను పొడిగించుకోవాలి. ఆ పరీక్ష గవర్నమెంటుది. మాది నెలకోసారి, ఆదివారం పొద్దున్న. మా అమ్మాయి దీపం పట్టుకుంటుంది, నేను స్పానరు వేసి చూస్తాను, మా అమ్మ అరుగుమీద కూర్చుని కాఫీ చల్లారుతున్నదని హెచ్చరిస్తుంది.

పండక్కి వచ్చినప్పుడు మా అబ్బాయి ఆ పుస్తకం మొదటినుంచి చివరిదాకా చదివాడు. అమ్మమని మళ్ళీ అనలేదు. అలాగని వుంచమనీ అనలేదు. "రాత్రి ప్రయాణం వద్దు. నానమ్మతో దూరం వెళ్ళే ముందు మేస్త్రీ చూడాలి" అని తన చేత్తో ఆఖరి పేజీలో రాసి తేదీ వేశాడు. నేను కింద సంతకం పెట్టాను.

యేలూరు సంబంధం యేమైందంటారా? ఖాయమైంది. పెళ్ళికూతుర్ని తాతగారి కారులోనే మండపానికి తీసుకురావాలని మా అన్నయ్య కబురు పంపాడు. పగటి ముహూర్తమే. మేస్త్రీకి ముందువారమే చెప్పి వుంచాను.